మడి తెలిసిన పిల్ల

విశాలాక్షమ్మ గారిని ధర్మసందేహం అడిగినవాళ్ళకి ధర్మం దొరికేది కాదు. ఏదో ఇంట్లో జరిగిన చిన్న సంగతి ఒకటి దొరికేది. దాన్ని మోసుకుని ఇంటికి పోయి, వారం రోజులు అన్నం సహించక అవస్థ పడి, మళ్ళీ శనివారానికి వచ్చి ఆవిడ అరుగు మీద కూచోవలసిందే. ఆవిడకి శాస్త్రం తెలియక కాదు. తండ్రి దగ్గర పన్నెండేళ్ళు కూచుని చదువుకున్న మనిషి. ఊళ్ళో పండితుడెవరైనా వీధిలో తప్పు చదివితే వంటింట్లో పప్పు ఎనుపుతూనే దిద్దేవారు. "శ్లోకం చెబితే తలూపి పోతారు. తలూపడం మన వాళ్ళకి బాగా వచ్చు. జరిగింది చెబితే ఊపడానికి తల లేవదు," అనేవారు. తొంభైకి దగ్గరపడ్డా గొంతు మాత్రం తగ్గలేదు.

పాలకొల్లు కాలవ పక్కన ఉండే ఆ చిన్న ఇంట్లో ప్రతి శనివారం మధ్యాహ్నం భాగవతం జరిగేది. పదిమందిమి పోగయ్యేవాళ్ళం. అందరిలోకీ శ్రద్ధగల శిష్యుడు సోమయాజులు. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. పొడుగాటి నోటుపుస్తకం తెచ్చుకుని ఆవిడ దగ్గినా రాసుకుంటాడు. ఆ శనివారం అతను భార్య ఇందుమతినీ పదేళ్ళ కొడుకు శ్రీకర్‌నీ కూడా వెంటబెట్టుకొచ్చాడు. శ్రీకర్‌కి మాటలు రాలేదు. ఆటిజం అని డాక్టర్లు పేరు చెప్పారు. కుక్కర్ కూత వినలేడు, పెళ్ళి మేళం వినలేడు, వాన చప్పుడు మాత్రం గంటలు గంటలు వింటాడు. తల్లీ కొడుకూ అరుగు ఎక్కలేదు. మెట్టు కింద గోడవార నీడలో నిలబడ్డారు. మొగుడు ప్రశ్న అడుగుతాడనీ, దాని జవాబు అనుభవించేది తనేననీ ఇందుమతికి అలవాటైపోయిన విషయంలాగే కనిపించింది.

"అమ్మా, మా ఇంట్లో తాతగారి నాటి నుంచి నిత్యపూజ తప్పలేదు," అన్నాడు సోమయాజులు చేతులు కట్టుకుని. "సాయంత్రం హారతికి గంట మోగించగానే వీడు చెవులు మూసుకుని గోడకేసి తల బాదుకునేవాడు. గంట మానెయ్యమని మా ఆవిడ పోరు. పిల్లవాడి కోసం పూజ తగ్గించుకోవాలా, పూజ కోసం పిల్లవాణ్ణి దిద్దుకోవాలా అని నాలో నేను చాలా తర్కించుకున్నాను. దిద్దుకోవడమే ధర్మమనిపించింది. ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు గంట చేతిలోకి తీసుకుంటే చాలు, వాడే వచ్చి పీట మీద కూచుంటాడు. ఏడవడు, కదలడు. ఇది భగవదనుగ్రహం కాక మరేమిటంటారు?"

అది ప్రశ్న కాదు, సర్టిఫికెట్టుకి పెట్టుకున్న దరఖాస్తు. పక్కనున్న ఇద్దరు ముగ్గురు అప్పుడే సంతకాలు పెట్టేసినట్టు "ఆహా" అన్నారు కూడా.

"ఏడవకుండా మరి ఏం చేస్తాడూ?" అని అడిగారు విశాలాక్షమ్మ గారు.

"ఏమీ చెయ్యడమ్మా. బుద్ధిగా కూచుంటాడు."

కింద నిలబడ్డ ఇందుమతి కొడుకుని ముందుకి జరిపింది. మండే ఎండల్లో ఆ పిల్లవాడికి ఫుల్ చేతుల చొక్కా ఎందుకు తొడిగిందా అని నేను అప్పటిదాకా అనుకుంటూనే ఉన్నాను. ఆమె గుండీ విప్పి చొక్కా చెయ్యి మోచేతిదాకా పైకి మడిచింది. మణికట్టు నుంచి పైదాకా పళ్ళ గాట్లు. పాతవి నల్లగా, కొత్తవి ఎర్రగా, వరసలు వరసలుగా ఉన్నాయి. శ్రీకర్ ఆ చెయ్యి తనది కానట్టు గోడ మీద నీడని చూస్తున్నాడు.

"అదా, హారతి అయ్యేదాకా కొరుక్కుంటాడంతే. అదో అలవాటు, పోతుంది," అన్నాడు సోమయాజులు.

విశాలాక్షమ్మ గారు భాగవతం మూసి పక్కన పెట్టారు. ఆ చేతివైపు చాలాసేపు చూశారు. "ఇవాళ పురాణం లేదు. ఒక ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. ఎవరిల్లో అని మీరు తర్వాత చెవులు కొరుక్కోనక్కర్లేదు, ఈ ఇల్లే," అన్నారు.

నలభై ఏళ్ళనాటి మాట. అప్పుడు ఆవిడ భర్త బతికి ఉన్నారు. కొడుకు గోపాలం తాలూకాఫీసులో గుమాస్తా. కోడలు సరోజ. వాళ్ళకి ఒక్కతే కూతురు, హైమ. హైమకీ మాటలు లేవు. ఆ రోజుల్లో దానికి పేరు పెట్టే డాక్టర్లూ లేరు కనక ఊరే పెట్టింది. ఒకరు మందబుద్ధి అన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు. ఒకావిడ మరీ దూరం వెళ్ళి, సరోజ నెల తప్పాక గ్రహణం నాడు కూర తరిగిందని కనిపెట్టింది. ఆ పిల్ల ఎప్పుడూ తేనెటీగలా ముక్కుతో ఒకే రాగం తీస్తూ ఉండేది. మనసు బాగాలేకపోతే రాగం పెరిగేది. ఇంకా పెరిగితే గుమ్మానికేసి నుదురు కొట్టుకునేది. అది ఆగే చోటు ప్రపంచంలో ఒక్కటే ఉంది. వెనకనుంచి వచ్చి నాయనమ్మ చీర అంచు గుప్పిట్లో బిగించి, ఆవిడ నడుముకి చెంప ఆనించి నిలబడితే చాలు, రాగం ఆగిపోయేది. కన్నతల్లి ఎత్తుకున్నా ఆగనిది అక్కడ ఆగేది. ఎందుకంటే ఎవరికి తెలుసు.

అయితే ఆ నాయనమ్మకి పొద్దున్న నాలుగింటి నుంచి పదకొండింటిదాకా మడి. నూతి దగ్గర తల మీంచి నీళ్ళు పోసుకుని తడి చీరతో వంటింట్లోకి వెళితే, వంట అయ్యి దేవుడికి నైవేద్యం పెట్టేదాకా పొడి బట్ట కట్టుకున్నవాళ్ళెవరూ ఆవిణ్ణి తాకకూడదు. తాకితే మళ్ళీ నూతి దగ్గరకి వెళ్ళాలి, మళ్ళీ మొదటినుంచీ వంట. ఆ మడి జిల్లాలో పేరున్న మడి. పీఠాధిపతులు వస్తే ఆవిడ వంటే కావాలనేవారు. పిల్లకి అయిదేళ్ళు వచ్చేదాకా చిక్కు రాలేదు, బట్టలేని పసిబిడ్డ తాకితే దోషం లేదన్నారు కనక. హైమ పొద్దున్నే గౌను ఊడదీసి, దిసమొలతో వంటింట్లోకి నడిచి వచ్చి నాయనమ్మని పట్టుకునేది. అయిదో ఏడు దాటాక ఆడపిల్ల అలా తిరగడం బాగోదన్నారు. బట్ట వెయ్యాలి. బట్ట వేస్తే తాకకూడదు.

దానికీ ఉపాయం దొరికింది, మన వాళ్ళకి ఉపాయాలు కొరతా? పట్టుకి మైల లేదట. పురుగుల్ని వేణ్ణీళ్ళలో ఉడకబెట్టి తీసిన దారానికి లేని మైల, పిల్ల ఒంటి మీది నూలు గౌనుకి ఉంది! విశాలాక్షమ్మ గారు తన పెళ్ళినాటి పట్టుచీర కోయించి మనవరాలికి పరికిణీ, జాకెట్టూ కుట్టించారు. ఆ చీర కొయ్యడానికి ఆవిడకి ప్రాణం ఎంత ఉసూరుమందో చెబుతూ, "త్యాగం చేశాననుకున్నాను," అని నవ్వారు. అది నవ్వులా లేదు. హైమకి పట్టు గిట్టలేదు. జరీ తగిలినచోటల్లా చర్మం ఎర్రగా కందేది. వేసిన రెండు నిమిషాల్లో విప్పి పారేసి వట్టి ఒంటితో పరుగెత్తుకొచ్చేది. "సిగ్గులేదటే" అని గోపాలం వీపు మీద రెండు వేసేవాడు. అలవాటవుతుంది లెమ్మని అందరూ అన్నారు. ఎవరికి అలవాటు కావాలో, ఎవరు చేసుకోవాలో అడిగిన దిక్కు లేదు. ఏడాది అలా గడిచాక పిల్ల రావడం మానేసింది. వంటింటి గుమ్మంలో, గడప అవతల, నూలు గౌనుతో నిలబడి పదకొండింటిదాకా రాగం తీసేది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి ఎప్పుడూ ఉండేది. ఒకటి తగ్గితే దాని మీదే ఇంకొకటి.

హైమకి ఎనిమిదో ఏట కార్తీకమాసం వచ్చింది. ఒకరోజు పొద్దున్న విశాలాక్షమ్మ గారు పప్పు దింపుతుంటే వెనకనుంచి చీర అంచు లాగినట్టయింది. "మడి పోయింది," అని వెనక్కి తిరిగారు. తిరిగి చూస్తే హైమ. జుట్టు లోంచి, గౌను లోంచి నీళ్ళు కారుతున్నాయి. పళ్ళు టకటకలాడుతున్నాయి. గడప నుంచి పొయ్యిదాకా తడి అడుగులు. ఆ పిల్ల రెండేళ్ళుగా గుమ్మంలో నిలబడి రాగం ఒక్కటే తియ్యలేదు, చూసింది. పొడి బట్టతో నూతి దగ్గరకి వెళ్ళిన మనిషి తడి బట్టతో తిరిగొస్తే 'దూరం, దూరం' అని ఎవరూ అరవరు. పట్టు అక్కర్లేదు, దిసమొల అక్కర్లేదు, నీళ్ళు చాలు. ఇంతమంది పెద్దలు శాస్త్రాలు తిరగేసి పట్టు దగ్గర ఆగిపోతే, బుర్ర లేదనుకున్న పిల్ల తన గౌనుతోనే తోవ కనిపెట్టింది. నాయనమ్మ నడుముకి చెంప ఆనించింది. రాగం ఆగింది.

"మన హైమకి మడి తెలిసిందండీ!" అని విశాలాక్షమ్మ గారు వీధిగుమ్మందాకా వినబడేటట్టు భర్తని పిలిచారు. ఇల్లంతా పండగయింది. అంతటితో ఆగలేదు. అన్నవరం వెళ్ళినప్పుడు హైమకని చిన్న రాగి చెంబు కొని, దాని మీద పేరు కొట్టించి, నూతి గట్టు పక్కన పెట్టారు. నూతిలోంచి తోడిన బాన నీళ్ళు ఆ చెంబుతో ముంచి, కళ్ళు గట్టిగా మూసుకుని, పిల్ల నెత్తి మీద పోసుకునేది. చూడ్డానికి చుట్టాలు వచ్చేవారు. "పూర్వజన్మలో ఏ ఋషిపత్నో," అన్నాడు ఒక మామయ్య. "మాటలు రాకపోతేనేం, సంస్కారం ఉంది," అంది ఇంకో పిన్నిగారు, తన పిల్లలకి శాలువాలు సర్దుతూ.

సరోజ ఒక్కతే ఆ పండగలో కలవలేదు. పిల్ల తల తుడవబోతే, తుడిస్తే పొడి అవుతుందని, తాకనిచ్చేది కాదు. "అత్తయ్యా, చలికాలం. పదకొండింటిదాకా తడిగౌనుతో ఉంటోంది. దాన్ని మానిపించండి."

"నేను చెప్పానా పోసుకోమని? అదే పోసుకుంటోంది. దానికి మడి తెలిసింది."

"దానికి మడి తెలియదత్తయ్యా. మీరు తెలుసు," అంది సరోజ.

ఆ మాట చెప్పి విశాలాక్షమ్మ గారు మా కేసి తిరిగారు. "అంత మాటన్న కోడలికి నేనేం జవాబు చెప్పానో తెలుసా? కన్నదానివి నీ దగ్గరకి రాకుండా నా దగ్గరకి వస్తోందని నీ కడుపుమంట, అన్నాను. పిల్లకి రాని మాటలన్నీ నాకే వచ్చాయి మరి."

పుష్యమాసంలో ఆవిడ అత్తగారి తద్దినం వచ్చింది. తద్దినం వంటకి మామూలు మడి చాలదు. భోక్తలు తిని విస్తళ్ళ ముందునుంచి లేచేదాకా వంట చేసే మనిషికి ఏ చిన్న అపచారం జరిగినా పితృదేవతలు పస్తులతో తిరిగిపోతారంటారు. సరోజ ముందురోజే బయట చేరింది. అంటే నెలసరి కనక, మూడు రోజులు పెరట్లో చాపా చెంబూ వేసుకుని విడిగా కూచోవాలి. కూతుర్ని కూడా తాకడానికి లేదు. ఆ పొద్దున్నే హైమ పెరట్లోకి వచ్చినప్పుడు సరోజ దూరం నుంచి చూసింది. పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నడక తూలుతోంది. "అత్తయ్యా, దీనికి జ్వరంలా ఉంది," అని కేకేసింది. "సాయంత్రం చూద్దాం," అన్నారు లోపల్నుంచి.

భోక్తలకి ఆకులు వేశారు. భర్తా కొడుకూ ముందుగదిలో ఉన్నారు. విశాలాక్షమ్మ గారు పొయ్యి దగ్గర గారెలు వేస్తున్నారు. హైమ వంటింటి గడప దగ్గరకి వచ్చి నిలబడింది. పొడి గౌను. నీళ్ళు పోసుకునే ఓపిక లేక అలాగే వచ్చింది కాబోలు. రాగం తియ్యడం లేదు, నుదురు కొట్టుకోవడం లేదు. గుమ్మాన్ని పట్టుకుని నాయనమ్మ కేసి చెయ్యి చాచింది. ఇద్దరి మధ్యా రెండడుగులు.

"ఉండమ్మా. విస్తళ్ళు లేవనీ," అన్నారు ఆవిడ.

విస్తళ్ళు లేవడమంటే ఏమిటో ఆ పిల్లకి తెలియదు. తనకి తెలిసిన తోవ ఒకటే. చాచిన చెయ్యి దింపుకుని వెనక్కి తిరిగి పెరట్లోకి నడిచింది. బాన దగ్గర చెంబు ముంచుతుంటే సరోజ చాప మీంచి లేచి అరిచింది. "అత్తయ్యా! అది నీళ్ళు పోసుకుంటోంది! ఒళ్ళు కాలిపోతోందత్తయ్యా, వచ్చి ఎత్తుకోండి, మీకు దణ్ణం పెడతాను! మీరు మళ్ళీ స్నానం చెయ్యచ్చు!"

"అరవకు. భోక్తలు వింటారు," అన్నారు ఆవిడ కిటికీలోంచి.

సరోజ నాలుగడుగులు వేసి, ముట్టుకుంటే తద్దినం పోతుందని, తన వల్ల పోయిందని జీవితాంతం అంటారని, అక్కడే ఆగిపోయింది. ఆ నాలుగడుగుల దగ్గర ఆగినందుకు ఆమె తనని క్షమించుకోలేదని తర్వాత తెలిసింది. ఆమెని అక్కడ ఆపినవాళ్ళందరూ మాత్రం తమని తాము చక్కగా క్షమించుకున్నారు. పిల్ల ఒక చెంబు కాదు, లెక్కపెట్టకుండా పోసుకుంది. నీళ్ళు కారుతూ వచ్చి చీర అంచు పట్టుకుంది. చెంప ఆనించింది.

ఇక్కడ విశాలాక్షమ్మ గారి గొంతు మారలేదు. మా అందరి కళ్ళూ కిందకి దిగిపోయాయి గాని, ఆవిడ సోమయాజులు కేసే చూస్తూ చెప్పారు. "ముందు పొయ్యి వేడి. వెనక పిల్ల వేడి. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. నా వీపు మీద తడి చీరలోంచి ఆవిరి లేచింది. నాకు తెలియలేదని ఎవరికైనా చెబితే నమ్ముతారు. తెలిసింది నాయనా. తెలిసి, ఇంకో వాయ గారెలు వేశాను."

భోక్తలు లేచేసరికి రెండు దాటింది. వెళుతూ వెళుతూ వాళ్ళలో పెద్దాయన వంటింట్లోకి తొంగిచూసి, తడిబట్టతో నాయనమ్మని అంటిపెట్టుకున్న పిల్లని చూసి, "మీ అత్తగారే మళ్ళీ పుట్టిందమ్మా, పితృదేవతలు తృప్తిపడ్డారు," అని ఆశీర్వదించాడు. ఆయన గుమ్మం దాటాక ఆవిడ వెనక్కి తిరిగారు. తిరగగానే చీర అంచు లోంచి పిల్ల గుప్పిట జారింది. హైమ నేల మీద కుప్పగా కూలింది. అప్పుడు సరోజ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, గడపలూ మడులూ అన్నీ తొక్కుకుంటూ వచ్చి, కూతుర్ని ఎత్తుకుంది. ఎవరూ ఏమీ అనలేదు.

పట్నం ఆస్పత్రిలో డాక్టరు నిమ్ము చేసిందన్నాడు, రెండు ఊపిరితిత్తులూ పట్టేసిందన్నాడు. ఒకరోజు ముందు తేవలసింది అన్నాడు. మూడు రోజులు హైమ కళ్ళు సగం తెరుచుకుని పడుకుంది. మంచం పక్కన ఒకవైపు తల్లి, ఒకవైపు నాయనమ్మ. బస్సెక్కి వచ్చి, వందమంది మధ్య నేల మీద కూచుని, అదే చీరతో మూడు రోజులున్న మనిషికి మడి ఏముంది? ఆవిడ తన చీర అంచు తీసి పిల్ల చేతిలో పెట్టారు. పిల్ల పట్టుకోలేదు. వేళ్ళు ముడిచి, లేని చెంబుని పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తి, నెత్తి మీద వంచుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. మళ్ళీ ముంచింది, మళ్ళీ పోసుకుంది. అప్పుడు చెయ్యి చాచింది.

"వద్దే తల్లీ, అక్కర్లేదే, ఊరికే పట్టుకోవే అని ఎంత మొత్తుకున్నానో," అన్నారు విశాలాక్షమ్మ గారు. "ఎన్నిసార్లు నా అంచు చేతిలో పెట్టినా వదిలేసేది. ముందు పోసుకునేది. నీళ్ళు పోసుకుంటే గాని నేను దొరకనని దానికి అంత బాగా నేర్పాను. చివరిసారి చెయ్యి నెత్తిదాకా వెళ్ళలేదు. సగంలో పడిపోయింది. పట్టుకోవడందాకా రానేలేదు."

'ఆహా' అన్నవాళ్ళు తుండుగుడ్డలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. కాలవ మీద పడవ ఇంజను ఒకటి దూరంగా పోతోంది. శ్రీకర్ చెవులు మూసుకున్నాడు. ఇందుమతి ఆ పిల్లవాడి చొక్కా చెయ్యి నెమ్మదిగా కిందకి దించింది. గుండీ పెట్టబోయి మానేసింది. దించినదాన్ని మళ్ళీ పైకి మడిచి, అందరికీ కనిపించేటట్టే వదిలేసింది.

"ఏమండీ, నేను వీణ్ణి తీసుకుని ఇంటికి పోతున్నాను. మీరు పుస్తకంలో రాసుకుని నిదానంగా రండి," అంది మొగుడితో. పదిమందిలో ఆమె గొంతు వినడం నాకు అదే మొదలు. "ఇవాళ్టినుంచి మన హారతికి గంట ఉండదు. దాన్ని నేను ఎక్కడ పెడతానో అడగకండి. పిలవాలనుంటే దేవుణ్ణి పేరు పెట్టి పిలవండి, వినకపోడు."

శ్రీకర్ భుజం చుట్టూ చెయ్యి వేసుకుని వెళ్ళిపోయింది. ఇనప గేటుని రెండు చేతులా పట్టుకుని, చప్పుడు కాకుండా వేసింది.

సోమయాజులు భార్య వెనక పరుగెత్తాలో, ఇక్కడే కూచోవాలో తెలియక, చేతిలో కలం మూత తీసి పెట్టాడు, పెట్టి తీశాడు. చదువుకున్న మగవాడికి భయం వేస్తే శాస్త్రంలోకి పారిపోతాడు. అతనూ పారిపోయాడు. "అమ్మా..." అన్నాడు. "ఆ పాప... పెళ్ళి కాని ఆడపిల్ల కదా. చావు మైల మీ ఇంట్లో మూడు రోజులే పట్టారా?"

అక్కడున్న మరచెంబు తీసి అతని నెత్తిన మొత్తుదామన్నంత కోపం వచ్చింది నాకు. విశాలాక్షమ్మ గారికి రాలేదు. అడగవలసినదే అడిగినట్టు తలూపారు.

"మూడే," అన్నారు. "మైలలో మడి ఉండదు కదా నాయనా. ఆ మూడు రోజులూ నన్ను ఎవరైనా ముట్టుకోవచ్చు."